మంట తెలియని కణాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చుట్టాలు నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒక్కటే. "మిరపకు తామర పురుగు పట్టింది, ఏ మందు కొట్టమంటావు?" తెలియదంటే నమ్మేవారు కాదు. పురుగు మందుల ల్యాబులో పనిచేస్తూ ఆ మాత్రం తెలియదా అని నొచ్చుకునేవారు. ఏ మందుకు పురుగు చస్తుందో నాకు నిజంగానే తెలియదు. ఏ మందు ఎంత పడితే మనిషి ఒంట్లోని కణం చస్తుందో తెలుసు. ఆ సంగతి చెప్పబోతే "అది తర్వాత చూద్దాంలే" అని ఫోన్ పెట్టేసేవారు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి ఏ మెషీను నేర్చుకోవాలి మేడమ్ అని అడుగుతుంటారు. మీరు నేర్చుకునేలోపు ఇంకో మెషీను వస్తుంది, దాని గురించి దిగులు పెట్టుకోకండి అంటాను. ప్రమోషన్లు నాకు రెండు వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, అవి రాస్తున్నాను.

పని ఏమిటంటే

మనిషి చర్మం నుంచో కాలేయం నుంచో ఎప్పుడో తీసిన కణాలు సీసాల్లో పెరుగుతూ ఉంటాయి. వాటికి గులాబీరంగు నీళ్లలాంటి ఆహారం పోసి, మన ఒంటి వెచ్చదనం ఉండే పెట్టెలో పెట్టి సాకుతాం. బాగా పెరిగాక చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలోకి సర్ది, పరీక్షించాల్సిన రసాయనాన్ని ఒక్కో గుంటలో ఒక్కో మోతాదులో వేస్తాం. ఒక వరుస గుంటల్లో మాత్రం ఏమీ వేయం. మర్నాడు అన్నిటిలోనూ ఒక పసుపు ద్రావణం పోస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఊదా అయితే ఉన్నట్టు, పసుపు అయితే పోయినట్టు.

మా అమ్మకు ఇదంతా వివరించి చెబితే "పెంచి చంపటానికా నిన్ను ఎమ్మెస్సీ చదివించింది?" అంది. పక్కనే కూర్చున్న, కోళ్లఫారం నడిపే ఆవిడకు మాత్రం ఇందులో తప్పేముందో అర్థం కాలేదు.

ఈ పనికి తెలివి కన్నా శుభ్రం ముఖ్యం. చేతులు స్పిరిటుతో తుడుచుకుని, అద్దాల పెట్టె ముందు కూర్చుని, మాట్లాడకుండా, తుమ్మకుండా పనిచేయాలి. మిర్చి యార్డు ఉన్న మా గుంటూరులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తుమ్మకుండా పనిచేయడమే ఒక అర్హత. ఇంటర్వ్యూల్లో అది ఎవరూ అడగరు, అడిగితే బాగుంటుంది.

కుందేళ్ల గది మూసిన రోజు

నేను చేరినప్పుడు మా ల్యాబులో కుందేళ్ల గది ఉండేది. రసాయనాన్ని కుందేలు కంట్లో వేసి, కన్ను ఎంత ఎర్రబడిందో రాసుకోవటమే అప్పటి పరీక్ష. ఆ గదిలోకి వెళ్లొచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. వాటి స్థానంలో కణాల పరీక్ష తెచ్చింది నా మొదటి బాస్ ఖాదర్ గారు. కనిగిరి మనిషి, దర్జీల ఇంట్లో పుట్టాడు. కణాలకు ఆహారం మార్చేటప్పుడు ఆయన చేతులు చూస్తే సూదిలో దారం ఎక్కిస్తున్నట్టే ఉండేది. మా తప్పులను తిట్టేవాడు కాదు, పక్కన కూర్చుని అదే పని మళ్లీ మొదటి నుంచి చేయించేవాడు. తిట్టినా బాగుండేదని మాకు అనిపించేది.

కుందేళ్ల గది మూసిన రోజు ఆయన అందరికీ సేమియా పాయసం తెప్పించాడు. మేం సంబరంగా తింటుంటే నాతో అన్నాడు.

"అమ్మాయ్, ఒక్కటి గుర్తుపెట్టుకో. కుందేలుకు నోరు లేకపోయినా కన్ను ఆర్పేది, ఒళ్లు ముడుచుకునేది. మనం అడక్కపోయినా చెప్పేది. ఈ కణాలు అట్లా కాదు. అడిగినదానికే జవాబు చెబుతాయి. అడగనిది చెప్పమన్నా చెప్పవు."

పాయసం బాగుందండీ అన్నాను. ఆ వయసులో నాకు తోచిన జవాబు అదే.

సోడా కాలం

ప్రతి వేసవిలోనూ మా కణాలు చచ్చిపోయేవి. ఏమీ వేయని గుంటల్లోవి కూడా. నీళ్లు మార్చాం, ప్లాస్టిక్ పళ్లేలు మార్చాం, ఒక టెక్నీషియన్ చెయ్యి మంచిది కాదని ఆ అమ్మాయిని కూడా మార్చాం. ఒక ఏడాది పాపం మామూలు బట్టల సబ్బు ఒకటి పరీక్షకు వస్తే, అది కాలకూట విషమని రిపోర్టు తయారైంది. ఖాదర్ గారు దాన్ని చదివి, "ఈ సబ్బుతో మా ఇంట్లో బట్టలుతుకుతారు. మేమింకా బతికే ఉన్నాం" అని పక్కన పెట్టేశాడు.

చివరికి తేలింది ఏమిటంటే, కణాల పెట్టెలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సన్నగా పోతూ ఉండాలి. ఆ సిలిండర్లు మాకు నింపి పంపే వ్యాపారే ఊళ్లో గోలీసోడా బండ్లకూ నింపేవాడు. ఎండలు ముదిరేసరికి మాకు సగం సిలిండర్లు వచ్చేవి. ఇదేమిటని అడగటానికి నేనే వెళ్లాను.

"ఎండలు చూస్తన్నారుగా మేడమ్, జనాలకి సోడా ఇయ్యాలా, మీ పురుగులకి ఇయ్యాలా?" అన్నాడాయన. అని, కూర్చోబెట్టి నాకూ ఒక సోడా ఇప్పించాడు. మా కణాలు ఎందుకు పోతున్నాయో తెలిసింది కదా అని తాగాను. బాగానే ఉంది.

పళ్లెం చేతికి రాగానే ముందు ఏమీ వేయని గుంటలు చూడండి. అవి పసుపుగా ఉంటే మిగతాది చూడక్కర్లేదు. ఆ రోజు తప్పు మీ రసాయనానిది కాదు, మీదో, సోడా బండిదో.

బతికినంత మాత్రాన

మరోసారి పత్తి మీద కొట్టే 'బయో' మందు ఒకటి వచ్చింది. సీసా మీద వేపాకు బొమ్మ ఉంది, మొక్కల రసం అని రాసి ఉంది. ఎంత మోతాదు వేసినా చర్మ కణాలు చావలేదు. పళ్లెం మొత్తం ఊదారంగులో నిగనిగలాడింది. మా సెక్షన్లో ఒకాయన "హాని లేదు" అని రాసి సంతకానికి పంపాడు. ఖాదర్ గారు సంతకం పెట్టలేదు, సీసా మూత తీసి దూరం నుంచే వాసన చూసి, అసలు ఇందులో ఏముందో తేల్చమని రసాయనాల సెక్షనుకు పంపాడు. మొక్కల రసం కాస్త ఉంది. మిగతాది నరాల మీద పనిచేసే పురుగు మందు.

"మనిషైతే ఊపిరాగి పోతాడు. ఈ కణానికి ఊపిరితిత్తులు లేవు, నరం లేదు. దానికేం తెలుస్తుంది పాపం?" అన్నాడు.

ఆయన రిటైరై కనిగిరి వెళ్లిపోయాక ఆ మాట నాకు పనికొచ్చింది. ఎలా పనికొచ్చిందో చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి.

చల్లటి క్రీము

మా పెద్దన్నయ్య భార్య కరుణమ్మ. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముచ్చికలు తీసే పని ఆమెది. మిరపకాయ తొడిమను మా వైపు ముచ్చిక అంటారు. ఎండుమిర్చి కుప్ప ముందు కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోటితో ముచ్చిక తుంచి పారేయటమే పని. సాయంత్రానికి అరచేతులు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. కొబ్బరినూనె రాసుకుంటారు, మజ్జిగలో ముంచుతారు, ఏం చేసినా తెల్లారేదాకా ఉంటుంది. అందుకే మిరప సీజన్లో మా వదిన అన్నం చెంచాతో తినేది. మా ఇంట్లో చెంచాతో తినే మనిషి ఆమె ఒక్కతే. పెళ్లయిన కొత్తలో మా నాన్న అది చూసి, కోడలికి దొరసాని అలవాట్లున్నాయని కొంతకాలం భయపడ్డాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు పరీక్షలకు వెళ్లే ముందు నాకు అన్నం కలిపి పెట్టింది ఆమే, అదీ చెంచాతోనే. ఆమె అంటే నాకు ప్రాణం. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తర్వాత నేను చేసింది చదివి మరోలా అనుకుంటారు.

ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని శేషగిరి గారు ఒక రోజు మా ల్యాబుకు వచ్చాడు. అల్లుడు క్రీములు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టాడు. కూలీల చేతులు మండకుండా ఒక క్రీము చేశాడు. అది చేతులకు మంచిదని ల్యాబు రిపోర్టు కావాలి.

"ఆడోళ్లు చేతులు ఊదుకుంటా కూర్చుంటారండి, చూడలేకపోతన్నా. ఇది రాసుకుంటే చల్లగా ఉంటదంట" అన్నాడు. ఆయన మాటలో కపటం లేదు. ముప్పాతిక మంది యజమానులు ఆ చేతుల వంక చూడను కూడా చూడరు.

పరీక్ష చేశాం. క్రీమును కణాల మీద వేశాం. ఎంత వేసినా ఊదారంగే. ఏమీ వేయని గుంటలూ ఊదారంగే, సోడా బండి వల్ల కూడా ఇబ్బంది లేదు. అప్పటి మా డైరెక్టరు సత్యనారాయణ గారికి సంతోషమైంది. ఆయన చెడ్డవాడు కాదు. నెల తిరిగేసరికి అందరికీ జీతాలివ్వాల్సిన మనిషి, అంతే. రిపోర్టు టైపు చేయమన్నాడు.

రిపోర్టు టైపయ్యేలోపే శేషగిరి గారు క్రీము డబ్బాలు కూలీలకు పంచేశాడు. ఎటూ మంచిదని తేలుతుంది కదా అనుకున్నాడు. ఆ సంగతి నాకు తెలియదు.

మెర్సీ కళ్లు

ఒక సాయంత్రం డ్యూటీ దిగి దారిలో వదిన ఇంటికి వెళ్లాను. ఆమె అప్పుడే పని నుంచి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, అన్నం తింటోంది. చేత్తో తింటోంది.

"చూశావా? సీజన్లో చేత్తో తింటన్నా" అంది నవ్వుతూ. "మా ఓనరు కిరీము ఇచ్చాడు. రాసుకుంటే చల్లగా, ఐసుముక్క పట్టుకున్నట్టు ఉంటంది. మంటే లేదు. ఇంకో బస్తా ఎక్కువ తీసేస్తన్నాం అందరం."

డబ్బా చూశాను. మా పళ్లెంలో ఊదారంగు తెప్పించిన క్రీమే. నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను పరీక్షించిన వస్తువు మా ఇంట్లో ఒకరికి మేలు చేయటం అదే మొదటిసారి.

ఆమె తినటం అయ్యేసరికి మనవరాలు మెర్సీ నిద్ర లేచి ఏడ్చింది. అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న పిల్ల. తల్లి మందుల షాపులో పనిచేసి రాత్రికి వస్తుంది కాబట్టి పిల్ల నానమ్మ దగ్గరే ఉండేది. వదిన మళ్లీ సబ్బుతో చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకుని, చీమిడి తుడిచి, కళ్లల్లో నీళ్లు అరచేత్తో ఒత్తింది.

ఆ పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రెండు కళ్లూ మూసుకుపోయాయి. చెంబుతో నీళ్లు పోశాం, పోసేకొద్దీ గిలగిల కొట్టుకుంది. ఆటోలో కంటి ఆసుపత్రికి పరుగెత్తాం. చూపుకు ప్రమాదం లేదు, చుక్కలు వేస్తే తగ్గుతుంది అన్నాడు డాక్టరు. వదిన ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"రెండు సార్లు కడుక్కున్నా. మంట లేదు చేతుల్లో. మండుతుంటే ముట్టుకునేదాన్నా? ఎన్ని సీజన్లు చేశాను, ఎంతమంది పిల్లల్ని పెంచాను! ఎప్పుడన్నా ఇట్టా చేశానా?"

కోడలు వచ్చింది. పిల్ల కళ్లు చూసింది, పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. మర్నాడు పిల్లను తీసుకెళ్లి పిడుగురాళ్లలో తన తల్లి దగ్గర దింపి వచ్చింది. సీజన్ అయ్యేదాకా అక్కడే ఉంటుందని చెప్పింది. సీజన్ అయ్యాక కూడా తీసుకురాదేమోనని వదిన భయం.

"కడుక్కోవటం చాతకాని ముసల్దాన్ని అయ్యాను. నా దగ్గర పిల్లనెట్టా ఉంచుద్దిలే" అంది. తప్పంతా తన చేతుల మీద వేసుకుంది. మా వదిన గిన్నె తోమితే అందులో మొహం చూసుకోవచ్చు. అలాంటి మనిషి తనకు కడుక్కోవటం రాదంటోంది.

మిరపకాయ కెమికలా?

ల్యాబుకు వెళ్లి మా పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. క్రీమును ఎన్ని మోతాదుల్లో చూశామో ఉంది, ఎంతసేపు ఉంచామో ఉంది. మిరపకాయ మాత్రం ఎక్కడా లేదు. మిరపకాయలు తీసే చేతులకు రాసే క్రీమును మిరపకాయ లేకుండా పరీక్షించాం. యజమాని అడగలేదు, డైరెక్టరు గారికి తట్టలేదు, సెక్షన్ హెడ్డునైన నాకూ తట్టలేదు. ఈ తప్పు గుంటూరు వాళ్లే చేయగలరు. వేరే ఊరి ల్యాబయితే మొదటి రోజే ఆ కారం సంగతేమిటని అడిగి ఉండేది. మాకు కారం విషాల లెక్కలోకి రాదు. టిఫిన్ లెక్కలోకి వస్తుంది.

మళ్లీ పరీక్ష పెట్టాం. ఈసారి విడి కణాలు కాదు. చర్మ కణాలను పొరలు పొరలుగా పెంచితే నిజం తోలులాంటి పలుచటి ముక్కలు వస్తాయి. ఒక ముక్క మీద ఏమీ వేయలేదు. ఒకదాని మీద క్రీము. ఒకదాని మీద మిరప నుంచి తీసిన చిక్కటి ఎర్ర నూనె. చివరిదాని మీద ముందు క్రీము, దాని మీద మిరప నూనె. అన్నిటినీ కడిగి, మర్నాడు పసుపు ద్రావణం పోశాం. మొదటి రెండూ ఊదా. మిరప ఒక్కటే వేసింది కాస్త పాలిపోయింది కానీ ఊదానే. క్రీము మీద మిరప వేసిన ముక్క పసుపుగా ఉంది. మళ్లీ చేశాం, మళ్లీ పసుపే.

కారణం వెతికితే దొరికింది. క్రీములో చలవ చర్మంలోకి దిగటానికి ఒక పదార్థం కలిపారు. అది తలుపు తెరిచి పట్టుకునే మనిషి లాంటిది, వెనకాల ఎవరు వస్తున్నారో చూడదు. చలవతో పాటు కారమూ లోపలికి వెళ్లి కూర్చుంది. సబ్బుకు అందదు. పైన చల్లగా ఉంది కాబట్టి మంట తెలియదు. మా పళ్లెంలోని కణాలకు మంట ఎటూ తెలియదు. ఆ క్రీము మా వదిన చేతులను కూడా అలాగే చేసింది.

మంట ఉన్నన్నాళ్లూ ఆ చేతులు పిల్లల కళ్ల జోలికి వెళ్లలేదు. మంటే వాటిని ఆపింది.

ఫలితాలు తీసుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

"క్రీము మంచిదా కాదా సుగుణ గారూ?"

"మంచిదేనండి."

"మరింకేమిటి?"

"క్రీము రాసుకుని ఎవరూ ఊరికే కూర్చోరండి. మిరపకాయలు పట్టుకుంటారు."

"మిరపకాయ కెమికలా? పొద్దున ఇడ్లీలో కారప్పొడి నంజుకుని వచ్చాను నేను."

"నేనూ నంజుకునే వచ్చానండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడండి, వాళ్లు అడిగింది క్రీము గురించి. దానికి జవాబు రాశాం, నిజమే రాశాం. అడగనిది మనమెందుకు రాయాలి?"

"అడగనిది కణాలు చెప్పవండి. మనం కూడా చెప్పకపోతే ఇక్కడ మనుషులెందుకు?"

మెర్సీ సంగతి చెప్పాను. పిల్ల కంట్లో ఏదో పడి ఉంటుంది అన్నాడు. చివరికి డబ్బా ఒకటి ఇచ్చి వెళ్లమన్నాడు.

డైరెక్టరు గారి కన్ను

మర్నాడు ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఒక కన్ను దొండపండులా ఉంది. ఏమైందండీ అని అడిగాను.

"దుమ్ము పడింది" అన్నాడు.

గుంటూరులో దుమ్ము ఉండదని కాదు. కానీ ఆయన జేబులో ఉన్న డబ్బా మూత మీద ఎర్రటి వేలిముద్రలు ఉన్నాయి. నేను చూశానని ఆయనకు తెలుసు. ఆయన క్రీము రాసుకుని చూశాడని నాకూ తెలుసు. ఇద్దరం ఆ విషయం ఎత్తలేదు, ఆయన రిటైరయ్యేదాకా ఎత్తలేదు.

రెండు పరీక్షలూ పెట్టి రిపోర్టు రాశాం. మిరపకాయలు ముట్టుకునే చేతులకు ఈ క్రీము వాడకూడదని మొదటి పేజీలోనే, అందరికీ కనపడేలా. ఆయన ఒంటికన్నుతోనే చదివి సంతకం పెట్టాడు. కొత్త పిల్లలకు ఒక మాట. మీ పై అధికారి మీ మాట వినకపోతే నిరాశ పడకండి. కొందరికి కాగితం మీద అర్థం కాదు, కంట్లో అర్థమవుతుంది. అర్థమయ్యాక ఒప్పుకోమని పట్టుబట్టకండి, సంతకం చాలు.

శేషగిరి గారు రిపోర్టును రెండుసార్లు చదివాడు. "నేను మంచే చేద్దామనుకున్నానండి" అన్నాడు. నిజమే. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాడు. చేతి తొడుగులు ఇచ్చాడు, ముచ్చిక గోటితో తీయాలి కాబట్టి ఆడవాళ్లు వాటి వేళ్ల చివరలు కత్తిరించి తొడుక్కున్నారు. కొళాయి పెట్టించాడు, సబ్బులు పెట్టించాడు, సబ్బులు వారం కూడా ఉండేవి కావు. క్రీమును అల్లుడు మడమల పగుళ్లకు అమ్ముకున్నాడు. దానికీ మేమే పరీక్ష చేసి మంచిదని రాశాం. కాళ్లతో ఎవరూ ముచ్చికలు తీయరు కదా.

నూనె సీసా

రిపోర్టు రాగానే నేను ముందు వెళ్లింది వదిన కోడలి దగ్గరికి. మందుల షాపు కౌంటరు మీద కాగితం పరిచి నాలుగు ముక్కల రంగు ఫొటోలు చూపించి, మీ అత్త చేతులు శుభ్రంగానే కడుక్కుందమ్మా, తప్పు క్రీముదీ మా ల్యాబుదీ అని చెప్పాను. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "ముందే చూసుకోవద్దా అత్తయ్యా మీరు?" అంది. చూసుకోవాలి. వారం తిరక్కుండా పిడుగురాళ్ల వెళ్లి పిల్లను తెచ్చుకుంది.

వదిన మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. చర్చిలో ఎదురైనా వందనాలు చెప్పేది కాదు. మండకుండా చేసే మందు దేవుడు ఒకటి పంపిస్తే, దాన్ని ఆడపడుచు ఆపించిందని అందరితో చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు.

కొన్నాళ్లు ఆగి ఒక సాయంత్రం వెళ్లాను. నేను గుమ్మంలో ఉండగానే వదిన పని నుంచి వచ్చింది. లోపల మెర్సీ ఆమె గొంతు విని రెండు చేతులూ చాచుకుని తూలుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఆగవే! ఆడే ఆగు! దగ్గరికి రామాకు, చేతులు మండిపోతన్నయ్!"

వదిన రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తేసింది, ఎవరో తుపాకీ చూపించినట్టు. పిల్ల ఠక్కున ఆగి, మూతి బిగించి నిలబడింది. వదిన ఆ చేతులు అలా ఎత్తుకునే నా వైపు తిరిగింది.

"కళ్లారా చూశావుగా. సంతోషమేనా?"

"సంతోషమే వదినా."

"కిరీము పోయింది, పిల్ల వచ్చింది. రెండూ ఉండేటట్టు చెయ్యలేవా? అంత చదువు చదివావు!"

"చెయ్యలేను."

నిజంగానే చేయలేను. విషాన్ని పట్టుకోవటం నా పని, మంట తీసే మందు కనిపెట్టటం నాకు రాదు. నా ఉద్యోగమంతా కలిపి మా వదినకు నేను తెచ్చిపెట్టింది ఏమిటంటే, పోయిన మంట. అది తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది, పిల్ల కళ్లు చూస్తే ఆగింది. తేటగా ఉన్నాయి.

వదిన అరుగు మీద కూర్చుని చేతులు చాపింది.

"నిలబడి చూస్తావేంది? ఆ నూనె సీసా అందుకో."

కొబ్బరినూనె ఆమె అరచేతుల్లో పోసి, వేలు వేలునా, గోళ్ల సందుల్లో, మెల్లగా రుద్దాను. ఆమె కళ్లు మూసుకుని ఊదుకుంటూ కూర్చుంది. మెర్సీ మాకు బారెడు దూరంలో కూర్చుని కాపలా కాసింది. ఇంటికి వచ్చేసరికి నా చేతులు మొదలుపెట్టాయి. ఎన్నిసార్లు కడిగినా తగ్గలేదు.

ఆ పూట నేను అన్నం చెంచాతో తిన్నాను.